ఆ ఇరవై గంటలు ఎవరి గడియారంలోవి?

తెల్లాపూర్ నుంచి రామచంద్రాపురం మీదుగా ముంబై హైవే ఎక్కితే కాసేపట్లోనే బీరంగూడ కమాన్ వస్తుంది. చుట్టూ అపార్టుమెంట్లు, షోరూములు. 2000 సంవత్సరంలో అది ఉమ్మడి మెదక్ జిల్లాలో ఒక ఊరు. అంతకు రెండేళ్ల ముందే, 1998 నవంబరు 22న, అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. కంప్యూటర్ అంటే ఇంజనీర్లదీ, ఎగుమతులదీ అనుకుంటున్న ఆ రోజుల్లోనే టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ బీరంగూడలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. చదువురాని పెద్దవాళ్లకు కంప్యూటర్ సాయంతో తెలుగు చదవడం నేర్పించాలి. అదీ 40 గంటల్లో.

ఆ సంస్థ తొలి సారథి ఫకీర్ చంద్ కోహ్లి ఆలోచన ఇది. కార్యాలయాల్లో మూలనపడ్డ పాత కంప్యూటర్లు చాలన్నారు. జాతీయ సాక్షరతా మిషన్ వాచకాలనే తీసుకుని బొమ్మలు, శబ్దాలు జోడించి తెర మీదికి తెచ్చారు. అఆలు దిద్దించడం దగ్గర కాకుండా, వినికిడిలో ఉన్న మాటను కంటితో గుర్తుపట్టడం దగ్గర పాఠం మొదలవుతుంది. రాయడం పక్కనపెట్టి చదవడం ఒక్కదానిమీదే దృష్టి పెట్టారు కాబట్టి గంటలు తగ్గాయి. పగటి పనులు ముగిశాక పది పన్నెండు వారాల పాటు కాస్త కాస్తగా నడిచే తరగతి అది. పేపరు హెడ్డింగులు, బస్సు బోర్డులు కూడబలుక్కుని చదవగలిగితే ప్రయోగం నెగ్గినట్టే.

వయోజన విద్యలో కంప్యూటర్‌నీ గడియారాన్నీ ఇంత సూటిగా పక్కపక్కన పెట్టిన ప్రయత్నం మన దగ్గర అంతకుముందు పెద్దగా లేదు. అప్పట్లో కంప్యూటర్ సాధనం, చదువు లక్ష్యం. ఇప్పుడు ఫోను వాడటమే ఒక చదువైంది. మారనిది ఒక్కటే. ఎన్ని గంటల్లో నేర్పగలం అన్న ప్రశ్న అప్పుడూ ముందుండేది, ఇప్పుడూ ముందుంది. నేర్చుకునేవారి రోజులో ఆ గంటలు ఎక్కడినుంచి వస్తాయి, నేర్చుకున్నది ఎంతకాలం పనికొస్తుంది అన్న రెండు ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చుంటున్నాయి.

కుదిస్తూ వచ్చిన గంటలు

1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం సుమారు పది నెలల్లో 300 నుంచి 350 గంటల బోధన అనుకుంది. రాత్రి బడికి అన్ని నెలలు ఎవరూ నిలవడంలేదని తేలాక, 1988లో వచ్చిన జాతీయ సాక్షరతా మిషన్ మూడు వాచకాలతో 200 గంటల పద్ధతి తెచ్చింది. 2009 నాటి సాక్షర భారత్ మళ్లీ 300 గంటలంది. 2022లో మొదలై ఇప్పుడు ‘ఉల్లాస్’ పేరుతో నడుస్తున్న నవ భారత సాక్షరతా కార్యక్రమం 200 దగ్గరికి తిరిగొచ్చింది.

డిజిటల్ అక్షరాస్యతకు వచ్చేసరికి లెక్క ఒక్కసారిగా పడిపోయింది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 20 గంటల శిక్షణను నిర్ణయించింది. కనీసం పది రోజులు, గరిష్ఠంగా ముప్పై రోజులు. ఫోను, కంప్యూటర్ తెరవడం, ఇంటర్నెట్‌లో వెతకడం, ఈమెయిల్, డిజిటల్ చెల్లింపులు, ప్రభుత్వ సేవలు అన్నీ ఆ ఇరవైలోనే. వయసు 14 నుంచి 60. ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాల్లో ఇంటికొకరు లక్ష్యం. 2024 మార్చి 31తో పథకం ముగిసేనాటికి 6.39 కోట్ల మంది శిక్షణ పొందారనీ, వారిలో 4.7 కోట్లకు పైగా పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ అందుకున్నారనీ ప్రభుత్వ లెక్క.

అంకె పెద్దదే. అయితే పదిహేనేళ్ల ఇంటర్ కుర్రాడికీ, యాభై ఐదేళ్ల వ్యవసాయ కూలీకీ అవే ఇరవై గంటలు. అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ కారల్ 1963లోనే ఒక సూత్రం చెప్పారు. ఎంత నేర్చుకున్నారన్నది వెచ్చించిన సమయానికీ, అవసరమైన సమయానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. అవసరమైన సమయం మనిషిమనిషికీ వేరు. బడిపిల్లల కోసం చెప్పిన ఈ మాట పెద్దల చదువుకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మన పథకాల్లో మాత్రం పైనున్న అంకె ఒక్కటే కనిపిస్తుంది, కింద ఉండాల్సిన అంకె ఖాళీ.

ఫలితం ఎప్పుడు కొలవాలన్నది మరో చిక్కు. తెలుగు నేల మీద వయోజన విద్యకు అతిపెద్ద ఫలితం ఏ పరీక్షలోనూ నమోదు కాలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి తరగతులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలోని కథలు చదివి, తమ ఇళ్లలో సారా తెస్తున్న గొడవల గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట నుంచి 1992లో ఆ మాటలు ఉద్యమమయ్యాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. కోర్సు చివరి రోజున పెట్టిన పరీక్ష దీన్ని పసిగట్టగలిగేది కాదు. అక్కడ పనిచేసింది బోధన గంటలకంటే, రోజూ ఒకేచోట కూర్చుని మాట్లాడుకునే తీరిక. ఇరవై గంటల కోర్సులో ఆ తీరికకు చోటెక్కడ?

ఏది వస్తే వచ్చినట్టు?

డిజిటల్ సామర్థ్యం అంటే ఏమిటన్నదానిమీద ఎక్కువమంది పరిశోధకులు వాడే చట్రం ఐరోపా కమిషన్‌ది. డిజ్‌కాంప్ పేరుతో 2013లో మొదలై, 2022లో వచ్చిన 2.2 రూపంలో ఐదు రంగాలు, 21 సామర్థ్యాలు, ఎనిమిది స్థాయిలు ఉన్నాయి. సమాచారం వెతికి తూచడం, సంభాషణ, సొంతంగా ఏదైనా తయారుచేయడం, భద్రత, చిక్కులు విప్పుకోవడం అందులోని ఐదు రంగాలు. 2018లో యునెస్కో దీన్ని ప్రపంచమంతటికీ సరిపడేలా మలుస్తూ మరో రెండు కలిపింది. ఒకటి వృత్తికి సంబంధించిన నైపుణ్యాలు. రెండోది అన్నిటికంటే ముందు రావాల్సిన సున్నా మెట్టు, అంటే పరికరాన్ని ఆన్ చేసి నడపగలగడం. ఐరోపాలో అది అందరికీ వచ్చనుకున్నారు కాబట్టి మొదటి జాబితాలో అవసరం పడలేదు.

పట్టికలు బాగానే ఉన్నాయి. ‘ఇది చేయగలరా’ అని అడిగే ఈ పట్టికల్లో ‘ఎంతసేపట్లో’ అన్న గడి మాత్రం లేదు. ఆ గడిని విడిగా పట్టించుకున్న పరిశోధనలు కొద్దిగానే ఉన్నాయి. ఎస్తర్ హర్గిట్టాయ్ 2002లో ప్రచురించిన అధ్యయనం వాటిలో ముందు చెప్పుకోవాల్సింది. న్యూజెర్సీలో 54 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇంటర్నెట్‌లో ఫలానాది వెతకమని చెప్పి, దొరికిందా లేదా అన్నదానితో పాటు ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా రాసుకున్నారు. అందరికీ కంప్యూటర్ అందుబాటులో ఉన్నా మనిషికీ మనిషికీ మధ్య తేడా విపరీతం. పరికరం అందడం దగ్గర తీరిపోతుందనుకున్న డిజిటల్ అంతరానికి రెండో అంతస్తు ఉందని అప్పుడు గట్టిగా రుజువైంది.

తర్వాత ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ పెద్దల నైపుణ్యాల మీద జరుపుతున్న అంతర్జాతీయ సర్వే మరో దారి తెరిచింది. పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది కాబట్టి ప్రతి ప్రశ్న దగ్గరా ఎంతసేపు ఆగారో నమోదవుతుంది. ఫ్రాంక్ గోల్డ్‌హామర్ బృందం జర్మనీ సమాచారాన్ని విశ్లేషించి 2014లో ప్రచురించిన ఫలితం ఆసక్తికరం. చదివే ప్రశ్నల్లో ఎక్కువసేపు తీసుకున్నవారు తప్పుల వైపు మొగ్గారు. డిజిటల్ వాతావరణంలో చిక్కు విప్పే ప్రశ్నల్లో ఎక్కువసేపు తీసుకున్నవారే నెగ్గారు. అలవాటుగా చేతికి రావాల్సిన పనుల్లో వేగం మంచిదనీ, ఆలోచించాల్సిన పనుల్లో నిదానమే సామర్థ్యమనీ దీని సారం.

ఈ తేడా మన వీధిలో ఎలా ఉంటుందో చూడాలంటే బ్యాంకు యాప్‌లో ఓటీపీ అడిగే తెర చాలు. గడి కింద అంకెలు ముప్పై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది అని తరుగుతుంటాయి. సందేశం ఇంగ్లీషులో వస్తుంది, కావలసిన ఆరంకెలు ఆ వాక్యం మధ్యలో ఎక్కడో ఉంటాయి. యాప్ వదిలి మెసేజీల్లోకి వెళ్లాలి, అంకెలు మనసులో పెట్టుకోవాలి, దారి తప్పకుండా వెనక్కి రావాలి. ఈలోగా గడువు అయిపోతుంది. మళ్లీ పంపమని నొక్కితే పాత అంకెలు చెల్లవు. కొత్తవి వచ్చేలోపు పాత సందేశమే చూసి కొట్టేస్తే మళ్లీ తప్పు. ఇందులో తెలియనిది ఏమీ లేదు, సమయమే చాల్లేదు. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, గడువున్న చోట దాన్ని ఆపుకునే, పెంచుకునే వీలుండాలని చెబుతూనే ఉన్నాయి, గడువు తప్పనిసరైన పనులకు మినహాయింపునిస్తూ. భద్రత పేరుతో ఓటీపీ ఆ మినహాయింపులో చేరుతుంది.

దీనికి సరిగ్గా తలకిందుల పరిస్థితి ‘డిజిటల్ అరెస్ట్’ మోసాలది. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు, నకిలీ నోటీసు, ‘ఫోను పెట్టేస్తే అరెస్టే’ అన్న బెదిరింపు. మోసగాడి మొదటి పని ఇవతలి మనిషికి ఆలోచించే వ్యవధి లేకుండా చేయడం. హైదరాబాద్‌లో బాగా చదువుకున్నవారు, పదవీ విరమణ చేసిన అధికారులు కూడా ఈ వలలో పడ్డారు. 2024 అక్టోబరు 27 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధాని చెప్పిన మూడంచెల సలహాలో మొదటి రెండూ ఆగడం, ఆలోచించడమే. డబ్బు పోయాక మాత్రం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మేలు. అంటే ఎక్కడ తొందరపడాలో, ఎక్కడ తాత్సారం చేయాలో తెలియడం కూడా ఈ చదువులో భాగమే. ఇరవై గంటల సిలబస్‌లో భద్రత ఒక అంశం. దానికి దక్కేది కాస్త సమయమే.

ఒకే గేటు, రెండు గడియారాలు

తెల్లాపూర్ 2018లో మున్సిపాలిటీ అయింది. నల్లగండ్ల నుంచి ఉస్మాన్‌నగర్ దాకా ఆకాశహర్మ్యాలు లేచాయి. అదే మున్సిపాలిటీలో కలిసిన కొల్లూరులో 2023 జూన్ 22న 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీ ప్రారంభమైంది. నగరంలోని బస్తీల నుంచి వచ్చిన కుటుంబాలవి. సొంత ఇల్లు దక్కింది, పాత పని చోట్లు దూరమయ్యాయి. గ్రామీణ డిజిటల్ పథకం లెక్కల్లో ఇలాంటి చోట్లు దాదాపు కనిపించవు. నగరం నుంచి వచ్చినవారు ఎప్పుడూ గ్రామీణులు కారు, ఊరివాళ్లు మున్సిపాలిటీలో కలిసిపోయారు.

గేటెడ్ కమ్యూనిటీలో పనికి వచ్చే మహిళ గేటు దగ్గర తన అంకెల కోడ్ చెబుతుంది. అదే క్షణంలో ఇంటివారి ఫోనుకు సమాచారం వెళ్తుంది. ఆమె రాక, పోక నిమిషాలతో సహా యాప్‌లో నమోదు. ఆమె సమయాన్ని డిజిటల్ ప్రపంచం ఇంత ఖచ్చితంగా కొలుస్తోంది. అందులో ఆమె నేర్చుకోవడానికి మిగిలేది ఎంతన్నది మాత్రం ఆ యాప్‌కు పట్టదు.

జాతీయ గణాంక కార్యాలయం సమయ వినియోగ సర్వే ఇక్కడ పనికొస్తుంది. 2019 సర్వేలో ఆరేళ్లు దాటినవారిలో జీతంలేని ఇంటిపని చేసే మహిళలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. అలా చేసేవారు రోజుకు వెచ్చించేది మహిళలు 299 నిమిషాలు, పురుషులు 97. 2024లో మళ్లీ అడిగితే 289, 88. ఐదేళ్లలో మహిళలకు రోజుకు మిగిలింది పది నిమిషాలు. పిల్లల, ముసలివారి సంరక్షణ దీనికి అదనం. ఇదే సమయంలో ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 21, 48.8. ఈ రెండు సర్వేల పట్టికలను పక్కపక్కన పెడితే కనిపించే బొమ్మను ‘ఆసక్తి లేదు’ అన్న మాట వివరించలేదు.

జర్మన్ పరిశోధకురాలు సబీనె ష్మిట్-లౌఫ్ పెద్దల చదువులో కాలాన్ని ప్రత్యేక అంశంగా తీసుకుని చాలాకాలంగా రాస్తున్నారు. నేర్చుకునే సమయం దొరికేది కాదు, ఉద్యోగం, కుటుంబం, విశ్రాంతి నుంచి లాక్కోవాల్సింది అన్నది ఆ పరిశోధన దారి. జర్మనీలో చాలా రాష్ట్రాలు ఉద్యోగులకు ఏడాదికి ఐదు రోజుల చదువు సెలవును చట్టపరమైన హక్కుగా ఇచ్చాయి. జీతంతో కూడిన విద్యా సెలవు మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లోనే 140వ ఒప్పందం తెచ్చింది. భారతదేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

గేటు లోపలి సంగతి? 2022–23 నాటికి తెలంగాణ ఐటీ రంగంలో తొమ్మిది లక్షలకు పైగా ఉద్యోగులున్నారని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. వీరికి డిజిటల్ సామర్థ్యం కొరత లేదు, నైపుణ్యాలు పాతబడిపోతాయన్న బెంగ ఉంది. 2030 నాటికి ఉద్యోగుల కీలక నైపుణ్యాల్లో 39 శాతం మారతాయని ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక అంచనా. ఆన్‌లైన్ కోర్సులకు లోటు లేదు, పూర్తిచేయడమే గగనం. హార్వర్డ్, ఎంఐటీల ఎడ్‌ఎక్స్ కోర్సులపై జస్టిన్ రైక్, రుయిపెరెస్ వాలియెంటె 2019లో ప్రచురించిన విశ్లేషణలో, 2017–18లో చేరినవారందరిలో పూర్తిచేసినవారు 3.13 శాతమే. సర్టిఫికెట్‌కు డబ్బు కట్టినవారిలో అది 46 శాతం. శని, ఆదివారాలు, అర్ధరాత్రి కాల్స్ మధ్య చదువుకునే ఇంజనీరుకూ సమయం కొరతే. అతనికి కంపెనీ ఖర్చుతో కోర్సు, అప్పుడప్పుడు పని వేళల్లోనే శిక్షణ దక్కుతాయి. పనిమనిషికి అది కూడా లేదు.

పనిచేసుకునేవారి వేళలకు చదువును సర్దడం హైదరాబాద్‌కు కొత్త విద్యేమీ కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది ఇక్కడే. ఇవాళ్టి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి తర్వాత ఢిల్లీ వెళ్లి ఇగ్నోను నిర్మించారు. బడి వేళలకు విద్యార్థి రావడం కాదు, విద్యార్థి వేళలకు బడి రావాలన్న ఆ ఆలోచన డిగ్రీ చదువులకు అందింది, ఫోను చదువుకు ఇంకా అందలేదు.

నేర్చుకున్నది ఎన్నాళ్లు?

అక్షరాలు ఎప్పటికీ అవే, ఏ ప్రభుత్వం మారినా ‘క’ మారదు. తెరల సంగతి వేరు. తెలంగాణలో 2020 అక్టోబరు 29న భూ రికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చింది. స్లాట్ బుకింగ్, పాస్‌బుక్, మ్యుటేషన్, ఫిర్యాదు దరఖాస్తు ఏ మెనూలో ఉంటాయో రైతులు, వారి పిల్లలు నానా తంటాలు పడి తెలుసుకున్నారు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. చట్టం మారింది, పోర్టల్ మారింది, నాలుగున్నరేళ్లలో చేతికొచ్చిన దారి పాతబడింది. ధరణి లోపాలు వేరే చర్చ. డిజిటల్ చదువు కోణంలో ఇది పెద్దలకు మళ్లీ మొదటి తరగతి.

సాధారణంగా శిక్షణ ఫలితాన్ని కోర్సు ముగిసిన వెంటనే కొలుస్తారు. ఆరు నెలల తర్వాత ఆ మనిషి స్వయంగా కరెంటు బిల్లు కడుతున్నాడా, యాప్ అప్‌డేట్ అయ్యాక మళ్లీ మనవడి చేతికే ఫోను ఇస్తున్నాడా అన్న అధ్యయనాలు అరుదు. పరిశోధకురాలు మరియా బకర్జీవా 2005లో రాసిన పుస్తకంలో ఇలాంటి సాయం చేసే దగ్గరివారికి ఒక పేరు పెట్టారు. సాంకేతికత తెలిసి, మన ఇంటి సంగతీ తెలిసిన ఆత్మీయ నిపుణుడు అని. మన ఇళ్లలో ఆ నిపుణుడు ఇంటర్ చదివే కూతురో, పక్కింటి అబ్బాయో. ఇల్లు దాటితే మీసేవ కేంద్రం. 2001లో ఈసేవగా మొదలైనప్పటి నుంచీ అక్కడ క్యూలో నిలబడి తన పని వేరొకరి చేత చేయించుకోవడం కూడా ఒక సమయ నిర్ణయమే. నేర్చుకుంటే పట్టే గంటలకంటే క్యూలో పట్టే గంట నయమని ఆ మనిషి లెక్కేసుకున్నాడు. ఆ లెక్క తప్పని చెప్పాలంటే, నేర్చుకున్నది నాలుగేళ్లకే చెల్లకుండా పోదని ఎవరో హామీ ఇవ్వాలి.

కేరళ వేరే దారి పట్టింది. పుల్లంపార పంచాయతీతో మొదలుపెట్టి, 2025 ఆగస్టు 21న రాష్ట్రమంతా డిజిటల్ అక్షరాస్యత సాధించిందని ప్రకటించింది. వలంటీర్లు ఇళ్లకూ, ఉపాధి హామీ పనులు జరిగే చోట్లకూ వెళ్లారు. తరగతిని మనిషి దగ్గరికి తీసుకెళ్లిన ఈ పద్ధతి సమయం అడ్డంకిని కొంతవరకు దాటింది. అక్కడా ఆ నైపుణ్యం నిలుస్తుందా అన్నదానికి జవాబు కొన్నేళ్ల తర్వాతే తేలుతుంది.

ఉల్లాస్ పథకం గడువు 2026–27 ఆర్థిక సంవత్సరంతో ముగుస్తుంది. అందులో డిజిటల్ అక్షరాస్యత జీవన నైపుణ్యాల కింద ఒక భాగం. నేర్చుకునేవారి వయసు, లింగం, సర్టిఫికెట్ తేదీ నమోదవుతున్నాయి. వీటికి మూడు అంశాలు కలిపితే చాలా తెలుస్తుంది. తరగతికి వచ్చిన గంట ఏ పని మానుకుంటే దొరికింది, ఆరు నెలలకూ ఏడాదికీ సొంతంగా ఏ పని చేయగలుగుతున్నారు, ఇంట్లో ఎవరు ఎంతసేపు సాయపడుతున్నారు. ఇవి ఖరీదైన ప్రశ్నలేమీ కావు, తర్వాతి సమయ వినియోగ సర్వేలో ఒక పేజీ పెంచినా సరిపోతుంది. కొల్లూరు కాలనీలోనూ, దాని ఎదుటి టవర్లలోనూ ఒకే వారంలో ఇవే ప్రశ్నలు అడిగితే, ఇరవై గంటల కోర్సు ఎవరికి సరిపోయిందో, ఎవరికి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిందో అంకెల్లో కనిపిస్తుంది.